తొమ్మిదో పేరా

సంతకం పెట్టాల్సిన చోటల్లా లాయరమ్మ పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి ఇచ్చింది. నాలుగు పేజీలు, నాలుగు గుర్తులు. "మనల్ని పిలవడానికి ఇంకో గంటైనా పడుతుందండీ, ఈలోగా ఓసారి చదువుకుని సంతకాలు చేసి ఉంచండి, నాకు కింద హాల్లో ఇంకో కేసుంది" అంటూ నల్లకోటు మోచేతి మీద వేసుకుని బయల్దేరింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "లాగ్‌బుక్ దొరకడం మాత్రం మన అదృష్టం" అంది. కోర్టు మూడో అంతస్తు వరండాలో, ఎన్ని వీపులు ఆనాయో నూనె మరకలు పడ్డ గోడకి ఆనుకుని నేను, పక్కన ఒళ్ళో సంచీ పెట్టుకుని అక్క. నా నుంచి రక్షణ ఇప్పించమని, మూడేళ్ళు నాతో ఉండి వెళ్ళిపోయిన మనిషి వేసిన అర్జీకి నా చేతిలో ఉన్నది నా జవాబు. ఏడాది పాటు ఆమె ఉండే భవనానికి రెండు వందల మీటర్ల లోపు నేను రాకూడదట. మాట్లాడకూడదట, ఉత్తరం రాయకూడదట, ఇంకొకరి చేత కబురు పంపకూడదట. ఈ జవాబు మీద నాలుగు చోట్ల సంతకం పెడితే అవేవీ ఉండకపోవచ్చు. వచ్చే సోమవారం నుంచే నేను మళ్ళీ ఆ భవనం పైకప్పు ఎక్కొచ్చు, లిఫ్టు యంత్రాల గదిలో నిలబడొచ్చు, సాయంత్రం ఆరూ నలభైకి లిఫ్టు నాలుగో అంతస్తుకి చేరగానే అక్కడి రిలే స్విచ్చి టక్కుమని పడటం వినొచ్చు. ఒక మనిషి క్షేమంగా ఇంటికి చేరిందని చెప్పడానికి అంతకంటే చిన్న చప్పుడు నాకు తెలిసి లేదు.

"పెట్టరా" అంది అక్క. "అలా చూస్తూ కూర్చుంటే అక్షరాలేం మారవు."

"చదవమంది కదా."

"చదవాల్సిన వయసులో చదవలేదు, ఇప్పుడు కోర్టు వరండాలో చదువుతాడట, పెద్ద."

అక్క ఆస్పత్రిలో రక్తం తీస్తుంది. ఇరవై ఏళ్ళుగా అదే పని. ఎక్కడ కూర్చున్నా ఎదుటివాళ్ళ మొహాలు చూడదు, మోచేతి మడతలు చూస్తుంది. పొద్దున హాలు తలుపు దగ్గర నిలబడ్డ అటెండర్ని చూసి, "ఆ చేతికి ఎంత చక్కటి నరముందో చూడు, కళ్ళు మూసుకుని గుచ్చేయొచ్చు" అంది నా చెవిలో. నాకు నవ్వు రాకపోతే మోచేత్తో పొడిచింది. కాగితాలు వచ్చిన రోజు అక్క ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ఆ భవనానికి నిజంగా లిఫ్టు పని మీదే వెళ్ళేవాడివా? నేను ఆ అన్నాను. ఆ అనడానికి నోరు పెద్దగా తెరవక్కర్లేదు. అప్పటినుంచి అక్క నా తరఫున అందరితో పోట్లాడుతోంది, లాయరు ఫీజు దగ్గర్నుంచి లాయరమ్మ పొడి మాటల దాకా. మా వాడు చీమకి కూడా దారిచ్చే రకమండీ అని చెప్పింది ఆమెకి. లాయరమ్మ తలెత్తకుండా, చీమల గురించి ఎవరూ అర్జీ పెట్టలేదమ్మా, అంది.

వరండా చివర లిఫ్టు తలుపు మూసుకోబోయి మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ మూసుకోబోయింది. గడపలో ఏదో ఇరుక్కుంది, పెన్ను మూతో, కాగితం ఉండో. లోపలి జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటున్నారు. లేచి వెళ్ళి కాలి బొటనవేలితో తీసేస్తే అయిపోతుంది. లేవలేదు. నా కాగితాల్లో నాకొక కొత్త పేరుంది, ప్రతివాది. ప్రతివాది ఇలా చేశాడు, ప్రతివాది అలా అన్నాడు. ఆమె నన్ను మెకానిక్కుగారూ అనేది. కోపమొస్తే గారు తీసేసేది. ఇప్పుడు ఆమె అర్జీదారు. ఈ రెండు పేర్లూ ఒకే ఇంట్లో మూడేళ్ళు ఉన్నాయంటే, ఒకే చెంబుతో నీళ్ళు తాగాయంటే ఎవరు నమ్ముతారు. ప్రతివాది పిక్కల మీద అర్జీదారు చల్లటి పాదాలు పెట్టుకుని నిద్రపోయేది అని ఏ పేరాలోనూ లేదు.

ఆమె దంతాల లాబ్‌లో పనిచేస్తుంది. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టరు పోసి, మైనంతో కొత్త పళ్ళు చెక్కుతుంది. ఆ లాబ్ ఆరో అంతస్తులో ఉండేది. నేను మూడో అంతస్తు దగ్గర లిఫ్టు తలుపు విప్పుకుని కూర్చుంటే మెట్ల మీద ఆయాసపడుతూ వచ్చింది, కనుబొమ మీద తెల్లటి పొడి. సాయంత్రానికల్లా బాగైపోతుందండీ, రేపట్నుంచి ఎక్కొచ్చు, అన్నాను. బాగున్నప్పుడు కూడా ఎక్కనండీ, అంది. రెండేళ్ళుగా ఆరంతస్తులూ నడుస్తోందట. తాడు తెగితే? ఆరు తాళ్ళుంటాయి, ఒక్కటే మొత్తం మోసేస్తుంది, అన్నాను. ఆరూ తెగితే? అప్పుడు కింద దవడలుంటాయండీ, రెండు పక్కలా పట్టాల్ని కరిచి పట్టుకుంటాయి, ఎన్ని తెగినా పడనివ్వవు. దవడలా, అని ఆమె మెట్టు మీద కూర్చుని నవ్వింది. "దవడలైతే మా డిపార్ట్‌మెంటేనండీ" అంది. ఆ మర్నాడు నేను ఆమెని ఒక్కో అంతస్తే ఎక్కించాను. ఒకటి నుంచి రెండుకి, దిగి, మళ్ళీ రెండు నుంచి మూడుకి. ఆరుకి చేరేసరికి నా చొక్కా మోచెయ్యి ఆమె పిడికిట్లో నలిగిపోయి ఉంది. ఒక మనిషి భయాన్ని నా చేత్తో విప్పి పక్కన పెట్టానని ఆ రోజంతా నాకు పొట్టలో ఏదో వెలుగుతున్నట్టు ఉండింది. ఇప్పటికీ ఆ చొక్కా ఉతికినప్పుడు మోచేతి దగ్గర కాసేపు ఆగుతాను.

మూడేళ్ళు. రెండు గదులు. వంటింట్లో గిన్నెల పక్కన మైనం ముక్కలు, స్నానాల గది అరలో నా స్పానర్లు. రాగం లేని పాటొకటి ఆమె ముక్కుతో పాడుకునేది, అడిగితే నేనేం పాడట్లేదే అనేది. ఒకరోజు తెల్లారగట్ల నన్ను తట్టి లేపి, "నిద్రలో నములుతున్నావు. ఏం తింటున్నావు నాకు పెట్టకుండా?" అంది. పళ్ళు కొరుకుతున్నానట. నా పళ్ళకి అచ్చు తీసింది. నోట్లో చల్లటి ముద్ద, గడ్డం కింద ఆమె వేళ్ళు, ఊపిరి ముక్కుతో తీసుకో మెకానిక్కుగారూ, మింగకు, కదలకు. ఆ మూడు నిమిషాలూ నేను ప్రపంచంలో ఎవరికీ ఏ జవాబూ చెప్పక్కర్లేదు. తర్వాత రాత్రుళ్ళు పెట్టుకునే తొడుగు చేసి ఇచ్చింది. నా పళ్ళ ప్లాస్టరు అచ్చు మాత్రం లాబ్‌లో తన బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకుంది. వెళ్ళిపోయాక, తన సామాన్లతో కలిసి వెళ్ళిన నా వస్తువులన్నీ ఒక అట్టపెట్టెలో పంపింది, ఒక్కటీ మరిచిపోకుండా, పాత సాక్సు జతతో సహా. అచ్చు మాత్రం అందులో లేదు. పెట్టె రెండుసార్లు బోర్లించి చూశాను. పారేసి ఉంటుందని మామూలు మనిషి అనుకుంటాడు. నేను దాచుకుందనుకున్నాను. లేని వస్తువు మీద ఇల్లు కట్టుకోవడం నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

ఎందుకు వెళ్ళిపోయిందంటే చెప్పడానికి పెద్ద కథేం లేదు, అదే కష్టం. నేను చేసేది మరమ్మతు కాదు, అంతకుముందు పని. పాడవకముందే వెళ్ళి చూడటం, చప్పుడు వినడం, నట్టు తట్టడం. ఆమె కాస్త మాట్లాడకపోతే ఏమైంది అనేవాణ్ణి. ఏం కాలేదు. నిజంగా? నిజంగా. అయితే అలా ఉన్నావేం? ఎలా ఉన్నాను? ఏదో అయింది. ఏం కాలేదన్నానా. చూశావా, గొంతు మారింది. ఇలా అన్నం ముందు, బస్సులో, దీపం తీసేశాక. మధ్యాహ్నాలు లాబ్‌కి ఫోను చేసేవాణ్ణి, ఏం లేదు ఊరికే అని. రోజుకి ఆరుసార్లు ఊరికే. ఒక సాయంత్రం ఆమె కంచం పక్కకి జరిపి, చాలా మెల్లగా అంది. "నువ్వు నన్ను ప్రేమించట్లేదు మెకానిక్కూ. తనిఖీ చేస్తున్నావు." గారు లేదని నేను గమనించాను. గమనించి, ఏమైంది, అన్నాను.

"నిద్రపోయావా?" అక్క.

"లేదు."

"కాఫీ తెస్తా. వచ్చేసరికి సంతకాలు అయిపోవాలి. లేకపోతే నేనే పెట్టేస్తా, నీ సంతకం నాకు చిన్నప్పట్నుంచీ వచ్చు, నీ మార్కుల కార్డుల మీద నాన్న సంతకం పెట్టిందెవరనుకున్నావు."

అక్క మెట్లవైపు వెళ్ళింది. నేను జవాబు తెరిచాను. లాయరమ్మ ఒక్కో పేరాకీ ఎదురుగా ఒక్కో పేరా రాసింది. నాలుగో పేరాలో అర్జీదారు చెప్పింది అబద్ధం. ప్రతివాది ఆ భవనానికి అర్జీదారు కోసం వెళ్ళలేదు, అది అతని కంపెనీ కేటాయించిన రూటు. కేటాయించింది కంపెనీయే. ఆ రూటు అంతకుముందు మావాడొకడిది, ముప్పై ఏళ్ళకే జుట్టు నెరిసినందుకు అందరం తాత అని పిలిచేవాళ్ళం. ఆమె కొత్తగా దిగిన భవనం తాత జాబితాలో ఉందని నాకు తెలిసిన రోజు, నా జాబితాలోని ఆస్పత్రి లిఫ్టులు, కొత్తవి, నూనె కూడా అడగనివి, వాడికిచ్చేసి ఆ పాత భవనాలు తీసుకున్నాను. "ఆ దగ్గులమారి లిఫ్టు నీకెందుకన్నా, మతి పోయిందా?" అన్నాడు తాత. వాడు నన్ను పిచ్చివాడనుకున్నాడు గాని అబద్ధాలకోరు అనుకోలేదు. ఆరో పేరాకి ఎదురుగా, ప్రతివాది అక్కడికి వెళ్ళిన ప్రతిసారీ పని మీదే వెళ్ళాడని జతపరిచిన లాగ్‌బుక్ రుజువు చేస్తుంది. లాగ్‌బుక్ నిన్ననే కోర్టుకి ఇచ్చేశారు. తొమ్మిది వారాలు, పద్నాలుగు నమోదులు. అన్నీ నా చేతిరాతే. నెలకి ఒక్కసారి చూడాల్సిన లిఫ్టు. తేదీ, సమయం, చేసిన పని. బ్రేకు సర్దుబాటు. బ్రేకు సర్దుబాటు. బ్రేకు సర్దుబాటు. ఏ మెకానిక్కుకి చూపించినా పగలబడి నవ్వుతాడు, ఇన్నిసార్లు సర్దాల్సిన బ్రేకుంటే ఆ లిఫ్టుని పీకి పారేయాలి అంటాడు. కానీ కోర్టుల్లో మెకానిక్కులు ఉండరు. ఇక్కడ అది ఒక శ్రద్ధగల మనిషి చేతిరాత.

మొదటి రెండుసార్లు ఉత్తినే రాశాను. మూడోసారి రాయబోతే చెయ్యి ఆగింది. పదహారేళ్ళ ఉద్యోగంలో లాగ్‌బుక్‌లో చేయని పని ఎప్పుడూ రాయలేదు, అదొక్కటే నాకున్న గొప్ప. అందుకని రాసింది అబద్ధం కాకూడదని స్పానరు తీసి, ఏ జబ్బూ లేని ఆ బ్రేకు నట్టుని పావు తిప్పు బిగించాను. తర్వాతిసారి పావు తిప్పు వదులు చేశాను. సర్దుబాటు అంటే సర్దుబాటే. అలా ఆరూ నలభై అయ్యేదాకా ఏదో ఒకటి తిప్పుతూ ఉండేవాణ్ణి. పక్కన మోటారు వెచ్చగా, కిటికీ లోంచి పావురాల రొద, కింద చీకట్లో ఎక్కడో జారుతున్న తాళ్ళ శబ్దం, రిలేల బోర్డు మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు, టక్. వచ్చింది. తాళం తీస్తూ ఉంటుంది. కనుబొమ మీద పొడి తుడుచుకోదు. నేను స్పానరు తుడిచి పెట్టెలో పెట్టుకుని దిగిపోయేవాణ్ణి, మెట్ల మీద నుంచి, ఎదురుపడకుండా. ఎదురుపడకపోవడం మర్యాద అనుకున్నాను. నేనామె జీవితంలో లేను, పైకప్పులో ఉన్నాను, ఇందులో తప్పేముంది అనుకున్నాను. ఇలా అనుకునే మనిషి మొహం అద్దంలో ఎలా ఉంటుందో ఆ తొమ్మిది వారాలూ గడ్డం గీసుకుంటూ రోజూ చూశాను, మామూలుగానే ఉంది.

బిగింపులెన్ని, వదులు చేయడాలెన్ని, లెక్క ఎక్కడో తప్పాను. పద్నాలుగోసారి వెళ్ళిన సాయంత్రం బ్రేకు పూర్తిగా విడవకుండా చక్రాన్ని రాసుకుంటూ ఉండిపోయింది. మోటారు మూలిగింది. మెయిన్ స్విచ్చి పడిపోయింది. రెండుకీ మూడుకీ మధ్య లిఫ్టు ఆగింది. గంట మోగింది. గోడకున్న ఫోను తీశాను.

"హలో, ఎవరైనా ఉన్నారా? లిఫ్టు ఆగిపోయింది."

పదహారు నెలల తర్వాత ఆ గొంతు. కాస్త జలుబు చేసినట్టుంది. కంగారు పడకండి మేడమ్, పైనే ఉన్నాను, తీస్తున్నాను, అన్నాను. ఎవరితోనైనా అలాగే అంటాం. మేడమ్. ఆ మాట తర్వాత అటువైపు ఒక నిశ్శబ్దం వచ్చింది, గది నిండినట్టు. గుర్తుపట్టిందని తెలిసింది. ఎనిమిదో పేరాకి లాయరమ్మ రాసింది, సాంకేతిక లోపం వల్ల లిఫ్టు ఆగింది, ఇద్దరు చేయాల్సిన పని ప్రతివాది ఒంటరిగా చేయాల్సి రావడంతో పదమూడు నిమిషాలు పట్టింది. అబద్ధమేం కాదు. ఒకరు బ్రేకు మీట ఎత్తి పట్టుకోవాలి, ఒకరు చక్రం తిప్పాలి. ఒక్కడే చేస్తే నాలుగు నిమిషాలు. మిగతా తొమ్మిది నిమిషాలు నా చేతులు చక్రం మీద లేవు, ఫోను మీద ఉన్నాయి. మాట్లాడాను. తొడుగు పగిలిపోయిందని, మళ్ళీ నములుతున్నానని చెప్పాను. ఇప్పుడు ఎవరినీ ఏమైందని అడగడం లేదని చెప్పాను. ఆ రెండు గదులూ ఖాళీ చేయలేదని, గిన్నెల పక్కన మైనం మరక గీకలేదని, బస్సులో ఎవరైనా ముక్కుతో పాడితే దిగాల్సిన చోటు దాటిపోతానని చెప్పాను. మధ్యలో నాలుగుసార్లు వింటున్నావా అన్నాను. ఆమె ఒక్క మాట అనలేదు. ఫోను పెట్టెయ్యలేదు. తర్వాత నేను చక్రం తిప్పి, తాళ్ళ మీది పసుపు గుర్తు మూడో అంతస్తు గీతకి కలిపి, తలుపు తెరుచుకున్న చప్పుడు విని, ఎదురు వెళ్ళకుండా అక్కడే కూర్చుండిపోయాను. వినింది. తొమ్మిది నిమిషాలు నన్ను ఆపకుండా వినింది. మూడేళ్ళలో కూడా అంతసేపు వినలేదు. ఆ తర్వాత ఐదు వారాలు ఆ తొమ్మిది నిమిషాల మీదే బతికాను. లాగ్‌బుక్‌లో ఏమీ రాయకుండానే వెళ్ళేవాణ్ణి, ఆరూ నలభైకి నాలుగు పడితే చాలు, టక్, కళ్ళు తడిసేవి. ఆ ఐదు వారాల చివర ఈ కాగితాలు వచ్చాయి.

వచ్చిన రోజు ఎనిమిదో పేరా దాకా చదివి మడిచేశాను. తొమ్మిదిలో ఆమె ఆ నిమిషాల గురించి ఏమనుకుందో ఉంటుందని తెలుసు. లాయరమ్మ చదివింది కదా, చాలు. కానీ అసలు సంగతి అది కాదు. చదివితే అయిపోతుంది. అందులో ఒక్క మెత్తటి మాట, కోర్టుకి చెప్పక తప్పక చెప్పిన ఒక్క చిన్న మాట ఉంటుందని, దాన్ని ఇంకొన్నాళ్ళు దాచుకోవాలని. లాయరమ్మ జవాబులో తొమ్మిదికి ఎదురుగా ఒకే వాక్యం ఉంది, ఈ పేరాలోని విషయాలు అర్జీదారు ఊహలు. ఆమె ఏం ఊహించుకుందో చూడాలనిపించింది. జవాబు వెనక గుచ్చిన అర్జీ నకలు తిప్పాను.

"9. ఆ పదమూడు నిమిషాల్లో అతనేం మాట్లాడాడో నాకు గుర్తు లేదు. లిఫ్టులో ఉన్నది గోడకి, అతని గొంతు వచ్చే చిల్లుల రేకు మాత్రమే, దాన్ని ఆపే వీలు లేదు. నా ఊపిరి అతనికి వినపడకూడదని నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాను. తలుపు తెరుచుకుంటే ఎదురుగా ఉంటాడని, కొట్టడానికి కుడికాలి చెప్పు తీసి చేతిలో పట్టుకున్నాను. తెరుచుకున్నాక ఎవరూ లేరు. కానీ వేళ్ళు బిగుసుకుపోయి చెప్పు వదల్లేకపోయాను. అలాగే ఒక్క కాలికే చెప్పుతో ఇంటిదాకా నడిచాను. 10. ఆ రోజు నుంచి నేను మెట్ల మీదే వెళ్తున్నాను. భవనం కార్యదర్శికి చెబితే, లాగ్‌బుక్ చూపించి, బ్రేకు పని మీద వస్తున్నాడమ్మా, మీరు లేనిపోనివి ఊహించుకోకండి అన్నారు. చాలా రోజులు నా బుర్రకే ఏదో అయిందని అనుకున్నాను."

చిల్లుల రేకు. దాన్ని బిగించేది మేమే. పెట్టెయ్యడానికి లోపల ఫోను ఉండదని ఆ భవనంలో అందరికంటే నాకే బాగా తెలుసు. తెలిసి, ఫోను పెట్టెయ్యలేదు అనుకున్నాను. తెలియడం వేరు, తెలిసినదాన్ని దగ్గరికి రానివ్వడం వేరు, మధ్యలో ఒక మనిషి పూర్తిగా దాక్కోవచ్చు. మెట్ల మీదే వెళ్తున్నాను. అయితే ఆ ఐదు వారాలు ఆరూ నలభైకి నాలుగో అంతస్తులో దిగిందెవరు? ఎవరి రాకకి నా కళ్ళు తడిశాయి? ఎదురింటి పెద్దమనిషి అయి ఉంటాడు, సంచీ పట్టుకుని. ఆ వేళకి ఆమె ఏ మెట్టు మీదో ఉంది. ఒకటి నుంచి రెండుకి, దిగి, రెండు నుంచి మూడుకి, నేనొక్కో అంతస్తుగా విప్పి పక్కన పెట్టిన భయం మొత్తం మళ్ళీ తొడుక్కుని. పైగా నా బుర్రకే ఏదో అయిందని. ఆ మాట దగ్గర ఆగాను. అన్నిసార్లు నేనడిగాను, ఏమైంది, ఏదో అయింది అని. అప్పుడు ఏమీ కాలేదు. ఇప్పుడు అయింది. అయిందని ఆమె చెబితే కాలేదని రుజువు చేయడానికి నా చేతిరాత ఉంది, పద్నాలుగు వరసల్లో, గుండ్రంగా.

అక్క రెండు కాఫీలతో వచ్చింది. నా మొహం చూసి కాఫీ ఇవ్వకుండా నిలబడింది. "ఏరా?" అంది. ఆ వెనకే లాయరమ్మ, మెట్లెక్కిన ఆయాసంతో.

"అయ్యాయా సంతకాలు? పిలుస్తున్నారు."

"లేదండీ. ఆ లాగ్‌బుక్ వెనక్కి తీసుకోలేమా?"

"మన కేసే అదండీ. అది తీసేస్తే మీకింక ఏముంది?"

ఏముంది అని నేను కూడా ఆలోచించాను. అటెండరు మా పేర్లు పిలిచాడు. నాలుగు గుర్తుల మీదా ఏమీ లేకుండానే కాగితాలు పట్టుకుని లోపలికి వెళ్ళాను.

హాలు అంటే పెద్ద హాలేం కాదు, చిన్న బడిలో క్లాసు గదిలా ఉంది. ఎడమవైపు ఆమె. పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, చేతి మడత దగ్గర తెల్లటి పొడి. జుట్టు కురచగా కత్తిరించుకుంది, మెడ వెనక నేనెరిగిన పుట్టుమచ్చ ఇప్పుడు అందరికీ కనపడుతోంది. అయిదడుగులు. చెయ్యి చాచి ఆ పొడి దులపాలనే కోరిక భుజం దాకా వచ్చి ఆగింది. ఇంత దగ్గరగా ఇంకెప్పుడూ ఉండను. ఉన్న ఈ కాసేపు ఆమె తలుపు వైపు చూస్తోంది, బయటికి దారి ఎంత దూరమో కొలుచుకుంటున్నట్టు. జడ్జిగారు కళ్ళజోడు పైకి తోసుకుని, అర్జీకి ప్రతివాది అభ్యంతరాలు ఏమిటని అడిగారు. లాయరమ్మ లేవబోయింది. నేను ముందు లేచాను.

"అభ్యంతరం లేదండీ."

"మీ లాయరుగారు లాగ్‌బుక్ దాఖలు చేశారు. పని మీద వెళ్ళారని."

"పని లేదండీ" అన్నాను. "ఆ బ్రేకుకి ఏమీ కాలేదు. ఆవిడ ఉంటారని వెళ్ళేవాణ్ణి. వెళ్ళడానికి సాకు కావాలని రాసేవాణ్ణి. తిప్పీ తిప్పీ నేనే పాడుచేశాను. నాలుగు నిమిషాల్లో దింపొచ్చు. దింపలేదు. ఆవిడ రాసిందంతా జరిగింది. ఆవిడ ఊహించుకోలేదు."

లాయరమ్మ కూర్చుండిపోయింది. జడ్జిగారు రాసుకున్నారు, చాలాసేపు. ఆమె నా వైపు చూడలేదు. చూస్తుందని నాలో ఒక మూల ఇంకా ఎదురుచూస్తోందని, ఆ నిజం చెప్పడంలో కూడా దాని వాటా దానికి ఉందని నాకు తెలిసింది, సిగ్గేసింది. ఆమె కళ్ళు మూసుకుంది. భుజాలు మెల్లగా కిందికి దిగాయి. ఎన్ని నెలల ఊపిరో అది, నాకు వినపడేంత చప్పుడుతో వదిలింది.

ఏడాది. రెండు వందల మీటర్లు. చదివి వినిపించి, ఇక్కడ సంతకం అన్నారు. పెట్టాను. ఆమె ముందు వెళ్తుంది, ఇరవై నిమిషాలు ఆగాకే ప్రతివాది బయటికి వెళ్ళాలి, అన్నారు. వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి అటెండరు ఎదురుగా నిలబడ్డాడు. లాయరమ్మ కోటు తొడుక్కుంటూ, "కంపెనీకి ఈ నకలు వెళ్తుందండీ. ఉద్యోగం సంగతి నేనేం చెయ్యలేను" అంది, కోపం కంటే అలసటగా. అక్క నా పక్కన కూర్చోలేదు. బెంచీకి ఆ చివర కూర్చుంది, సంచీ మా మధ్యలో పెట్టి.

"నేనడిగితే ఆ అన్నావు."

"ఊ."

"ఊరంతా తిరిగి నీ కోసం పోట్లాడాను. నన్ను వెధవని చేశావు కదరా."

కాసేపటికి అక్క చల్లారిపోయిన కాఫీ ఒకటి నా వైపు జరిపింది, మొహం అటే పెట్టుకుని. గోడ గడియారం ముల్లు కదిలినప్పుడల్లా ఆమె ఎక్కడ ఉంటుందో నా మనసు దానంతటదే పటం గీస్తోంది. రెండో అంతస్తు, గేటు, జోళ్ళు కుట్టేవాడి మూల, బస్సు ఆగే చోటు. చెరిపేస్తున్నాను, మళ్ళీ గీస్తోంది. అక్కడ నిలబడి ఉంటుంది, మాటిమాటికీ వెనక్కి చూసుకుంటూ. ఆమె వెనక్కి చూసినప్పుడు ఆ రోడ్డు మీద నేను ఉండకూడదు. ఆమె కోసం ఇంకా ఏదైనా చేయాలని ఇన్ని నెలలుగా నా ఒళ్ళంతా పీకుతోంది. చేయడానికి మిగిలింది ఇదొక్కటే అని, ఇది చేయడానికి కాళ్ళు కదపక్కర్లేదని తెలిసింది.

"అయిపోయిందండీ ఇరవై నిమిషాలు" అన్నాడు అటెండరు. "ఇంక మీరు వెళ్ళొచ్చు."

"ఇంకో పది నిమిషాలు కూర్చుంటానండీ."

"ఎందుకు? ఆవిడ ఈపాటికి ఎప్పుడో వెళ్ళిపోయుంటారు."

"బస్సు దొరక్కపోయి ఉండొచ్చు కదండీ" అన్నాను.